కత్తెర లేకుండా ఉన్ని: షెట్లాండ్ గొర్రెల ఒలుపు

(గొర్రెల పెంపకందారులు, ఉన్ని వడికేవాళ్లు, పశువైద్య విద్యార్థులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం.

ముందు ఒక మాట తేల్చుకుందాం. పీకడం వేరు, ఒలవడం వేరు. కోడి ఈకలు పీకుతాం, అరటిపండు ఒలుస్తాం. పండు మాగితే తొక్క దానంతటది విడుతుంది, మన చెయ్యి దారి చూపిస్తే చాలు. అదే పచ్చి అరటికాయను ఒలవబోతే రాదు, కత్తిపీట ముందు కూర్చోవాల్సిందే. ఇవాళ నేను చెప్పబోయే పని మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది. గొర్రె ఒంటి మీద ఉన్ని మాగిందా, ఇంకా పచ్చిగా ఉందా? అది కనిపెట్టగలిగితే మిగతాది చేతిపని. కనిపెట్టలేకపోతే గొర్రెను హింసపెట్టినట్టే.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన, సముద్రం మధ్యలో షెట్లాండ్ దీవులున్నాయి. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అక్కడ చేత్తో ఉన్ని తీయడాన్ని రూయింగ్ అంటారు. పాత నార్స్ భాష నుంచి మిగిలిన మాట అది. నార్వే వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఆ మాటను అక్కడ వదిలిపోయారు. అక్కడి గొర్రె చిన్నది. ఆడగొర్రె 35 నుంచి 45 కిలోలు తూగుతుంది, తోక పొట్టి. ఏడాదికి వచ్చే ఉన్ని కిలో నుంచి కిలోన్నర. మన లెక్కలో తక్కువేం కాదు, ఉన్ని దండిగా ఇచ్చే మెరినో జాతిని పెంచేవాడి ముందు చెబితే మాత్రం నవ్వుతాడు. కానీ ఆ ఉన్ని మెత్తదనం వేరు. మెడ, భుజాల దగ్గర తీసిన సన్నని ఉన్నితోనే అన్‌స్ట్ దీవి ఆడవాళ్లు లేసు శాలువలు అల్లారు. మనిషి మొత్తాన్ని కప్పే శాలువ పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేది. మన దగ్గర అగ్గిపెట్టెలో పట్టే చీర గురించి చెప్పుకుంటాం చూడండి, అలా. 2011లో షెట్లాండ్ దేశవాళీ ఉన్నికి యూరప్‌లో భౌగోళిక రక్షణ హోదా కూడా వచ్చింది.

సోయ్ గొర్రె ఇంకా పాత రకం. స్కాట్లాండ్‌కు పడమర సముద్రంలో ఉన్న సెయింట్ కిల్డా దీవుల్లో ఒక చిన్న దీవి పేరే సోయ్. 1930లో మిగిలిన 36 మంది జనం సెయింట్ కిల్డాను ఖాళీ చేసి వెళ్లిపోయారు. 1932లో 107 సోయ్ గొర్రెలను తెచ్చి, మనుషులు లేని పెద్ద దీవి హిర్టా మీద వదిలారు. వాటి సంతతి ఇప్పటికీ అక్కడ కాపరి లేకుండా బతుకుతోంది. ఎవరూ కత్తెర పట్టరు. ఎండాకాలం వచ్చేసరికి వాటి ఉన్ని చిరిగిన కంబళిలా వేలాడి, రాళ్లకు రాసుకుని ఊడిపోతుంది. కత్తెర పుట్టకముందు గొర్రె ఎలా ఉండేదో చూడాలంటే దీన్ని చూడాలి.

ఎందుకు ఊడుతుంది? పశువైద్యం చదివేవాళ్లు కొంచెం శ్రద్ధగా వినండి. చర్మంలో ప్రతి వెంట్రుక గుంటకూ ఒక చక్రం ఉంటుంది. పెరిగే దశ, తగ్గే దశ, విశ్రాంతి దశ. మెరినోలాంటి గొర్రెల్లో మనిషి వేల ఏళ్లపాటు ఏరి ఏరి పెంచడం వల్ల పెరిగే దశ దాదాపు ఆగకుండా సాగుతుంది. అందుకే దానికి ఏళ్ల తరబడి కత్తిరించకపోతే ఉన్ని కొండలా పెరిగి కదలలేని స్థితికి వస్తుంది. సోయ్, షెట్లాండ్ లాంటి పాత జాతుల్లో చక్రం ఋతువుతో తిరుగుతుంది. చలికాలంలో గుంటలు విశ్రాంతిలోకి వెళ్తాయి. పాత పోగు అడుగున చిన్న కుంచెలాంటి ముడి ఏర్పడి, పోగు కేవలం పట్టుకుని ఉంటుంది తప్ప పెరగదు. వసంతంలో పగలు పొడవయ్యేకొద్దీ మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి మెలటోనిన్ అనే చీకటి హార్మోన్ వచ్చే గంటలు తగ్గుతాయి, ప్రోలాక్టిన్ అనే మరో హార్మోన్ పెరుగుతుంది, గుంటలు మేలుకుంటాయి. కింద కొత్త పోగు మొలుస్తుంది, పైన పాతదానికి పట్టు వదులుతుంది. షెట్లాండ్‌లో జూన్‌లో పగలు దాదాపు 19 గంటలు, డిసెంబర్‌లో ఆరు గంటలు కూడా ఉండదు. గొర్రెకు క్యాలెండర్ అదే. హైదరాబాద్‌లో ఆ తేడా రెండు గంటలకు కాస్త పైన, అంతే.

కానీ వెలుతురు ఒక్కటే చాలదు, మేత కూడా కావాలి. కొత్త గడ్డి తిని ఒంటికి బలం పట్టిన గొర్రెలో కొత్త ఉన్ని చురుగ్గా లేస్తుంది. అందుకే ఒకే మందలో అన్నిటికీ ఒకేసారి రాదు. ముందు ఏడాది పిల్లలు, విత్తులు కొట్టిన పొట్టేళ్లు. పాలిచ్చే తల్లులు వెనకపడతాయి, తిన్నది పాలకు పోతుంది కదా. కవలల తల్లి అందరికన్నా ఆఖరు. బ్రిటన్ దక్షిణ ప్రాంతాల్లో మే చివర మొదలైతే, దీవుల్లో జూన్, జూలై. ఇంత తేడా ఉన్నప్పుడు మంద మొత్తానికి ఒకే తేదీ పెట్టుకుని కూర్చోవడమే మొదటి తప్పు. కత్తెరవాళ్లకు రోజు ఇచ్చినట్టు ఒలుపుకు రోజు ఇవ్వలేం. వారానికి ఒకసారి ఒక్కొక్క గొర్రెనూ చూడాలి.

చూడటం ఎలాగంటే, గొర్రెను నిలబెట్టి భుజం దగ్గర ఉన్నిని రెండు చేతులతో పాపిట తీసినట్టు విడదీయండి. చర్మం కనిపించేదాకా. అడుగున కొత్త ఉన్ని, పైన పాతది, మధ్యలో ఒక గీత. ఆ గీత దగ్గర ఉన్ని పలుచగా, వదులుగా కనిపిస్తుంది. రంగు కూడా కొంత మారుతుంది, ఎండకు వాడిన పాత కొసల కింద కొత్తది నిగనిగలాడుతుంది. దీన్ని అక్కడ రైజ్ అంటారు, పైకి లేవడం అని. కొత్త ఉన్ని అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లేచి ఉంటే అదను వచ్చినట్టు. గీతే లేకుండా ఉన్ని చర్మం దాకా ఒకే వరసలో ఉంటే ఇంకా కాలేదు. కొత్తది రెండు సెంటీమీటర్లు దాటిపోతే ఆలస్యమైనట్టు.

కంటితో చూశాక వేళ్లతో పరీక్ష. చిటికెడు పాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చర్మానికి దగ్గరగా పట్టుకోండి. ఉన్ని వాలి ఉన్న దిక్కుకే, అడ్డంగా, మెల్లగా లాగండి. మాగిన ఉన్ని అయితే నెయ్యిలోంచి దారం లాగినట్టు జారి వస్తుంది. గొర్రె నెమరు వేస్తూనే ఉంటుంది. చర్మం గుడారంలా పైకి లేస్తే ఆపండి. గొర్రె ఒళ్లు జలదరించినా, కాలు విసిరినా ఆపండి. ఇక్కడ బలవంతం చేస్తే చర్మం కింద రక్తం కమ్ముతుంది, ఎర్రటి చుక్కలు తేలుతాయి, వాటి మీద ఈగ వాలుతుంది. గుంట కూడా దెబ్బతింటే తర్వాతి ఉన్ని మచ్చలు మచ్చలుగా వస్తుంది.

రోమన్లు ఈ పనికి ఒక అడ్డదారి కనిపెట్టారు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో వర్రో అనే రోమన్ రచయిత రాశాడు: ఇంకా ఉన్ని పీకేవాళ్లు మూడు రోజులు ముందుగా గొర్రెలను పస్తు ఉంచుతారట, నీరసించిన గొర్రెలో ఉన్ని వేళ్లు గట్టిగా పట్టి ఉండవట. ఆయన పరిశీలన నిజమే. ఆకలికి ఉన్ని వదులవుతుంది. కానీ అది మాగడం కాదు, రోగం. పాలిచ్చే తల్లిని మూడు రోజులు పస్తు ఉంచితే పాలు ఆగిపోతాయి, పిల్లలు దక్కవు. ఇక చూలు గొర్రె అయితే చెప్పనే అక్కర్లేదు, ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో కీటోన్లనే విషపదార్థాలు పెరిగి పడిపోతుంది. ఒలుపు ఎంత పాతదో చెప్పడానికే ఆయన్ను తలుచుకున్నాను. మెసొపొటేమియా మట్టి పలకల్లో ఉన్ని తీసే కాలానికి వాడిన అక్కాడియన్ మాట బుకూము. దాని ధాతువుకు అర్థమే పీకడం. ఇనుప కత్తెర వచ్చాకే గొర్రెకు ఊడే గుణం అక్కర్లేకపోయింది. ఊడని గొర్రెనే రైతు దాచుకున్నాడు, ఎందుకంటే ఉన్ని కంచెల పాలు కాదు.

ఇక పని. ముందురోజు సాయంత్రం గొర్రెలను కప్పు కిందికి తోలండి. ఉన్ని పొడిగా ఉండాలి, ఇది రాజీ లేని మాట. మంచు తడి అయినా సరే వద్దు. తడి ఉన్నిని సంచిలో కుక్కితే లోపల వేడెక్కి పసుపు పచ్చగా మారుతుంది, ఆ పసుపు ఏ సబ్బుకూ పోదు. రాత్రి మేత మానేస్తే చాలు, పొద్దున్నకి పొట్ట తేలికపడి పని దగ్గర పెంటికలు తక్కువ పడతాయి. నీళ్లు మానకూడదు.

పాత పద్ధతిలో కాళ్లు కట్టి పక్కకు పడుకోబెట్టేవారు. ఇప్పుడు చాలామంది తలకు తాడు వేసి నడుమెత్తు బల్ల మీద నిలబెడతారు. నా ఓటు నిలబెట్టడానికే. వెల్లకిలా మాత్రం ఎక్కువసేపు ఉంచొద్దు, పెద్ద పొట్టలో గ్యాసు చేరి ఊపిరి ఆడదు. కింద శుభ్రమైన గుడ్డ పరవండి. గడ్డి పరిచిన చోట ఒలిస్తే ఉన్నిలోంచి గడ్డిపరకలు ఏరడానికి మీకు ఆ సాయంత్రం సరిపోదు.

మెడ దగ్గర మొదలుపెట్టాలి. సాధారణంగా ఉన్ని అక్కడే ముందు వదులవుతుంది, తర్వాత భుజాలు, పక్కలు, ఆఖరున తొడల వెనక. ఎడమ అరచేతిని చర్మం మీద బల్లపరుపుగా ఆనించి, లాగుతున్న చోటికి కాస్త వెనక నొక్కి పట్టండి. చర్మం కదలకుండా ఉండటానికి. కుడిచేత్తో రెండు మూడు వేళ్లకు పట్టినంత పాయ మాత్రమే, అడుగున పట్టుకోవాలి. కొసలు పట్టుకుంటే పోగులు చిక్కుపడి సగం వస్తాయి. పిడికిలి నిండా లాగాలని అందరికీ అనిపిస్తుంది, అలా లాగితే వదులైన వాటితోపాటు వదులు కాని పోగులు కూడా తెగుతాయి. పాయ తర్వాత పాయ విడదీస్తూ వెళ్తే, విడిన ఉన్ని పక్కన కొసలు ఒకదాన్నొకటి పట్టుకుని దుప్పటిలా మడత పడుతుంది. దాన్ని తెంచకుండా వెనక్కి చుట్టుకుంటూ పొండి. రెండు పక్కలూ వీపు మీద కలిసే చోట తొందరపడొద్దు. వీపు మీద వానకు నానిన ఉన్ని తరచు జడ కట్టి ఉంటుంది, వేళ్లతో ముందు జడ విప్పుకుని ఆ తర్వాత ఒలవాలి.

పొట్ట కింది ఉన్ని చాలాసార్లు మీకంటే ముందే నేల పాలై ఉంటుంది. దొరికితే వేరే సంచిలో వేయండి. తొడల వెనక ఉన్ని ముతక, మెడ ఉన్ని సన్నం. రెండూ కలిపితే శాలువకూ పనికిరాదు, తివాచీకీ పనికిరాదు.

ఒకచోట రాకపోతే? వదిలేయండి. నూటికి నూరు వంతులూ ఒక్కరోజే తీయాలన్న పంతం వద్దు. వారం, పది రోజుల తర్వాత మళ్లీ చూడండి, అప్పటికి వస్తుంది. అప్పటికీ రాని చోట కత్తెరతో తీసేయండి, దోషం లేదు. నిజానికి షెట్లాండ్‌లో ఇవాళ చాలా మందలకు కత్తెరే. ఒక గొర్రెను ఒలవడానికి చేయి తిరిగినవాళ్లకు కూడా అరగంట మామూలు, యంత్రంతో కత్తిరించేవాడు రెండు మూడు నిమిషాల్లో తేలుస్తాడు. కూలి కట్టే చోట ఈ లెక్క ముందు ఏ వాదనా నిలవదు. ఇంకో సంగతి, తరాలుగా కత్తెర పడ్డ మందల్లో ఊడే గుణమే సన్నగిల్లింది. పూర్తిగా ఊడేవి కొన్ని, మెడ వరకే ఊడేవి కొన్ని, అసలు ఊడనివి కొన్ని. ఒలుపు కోసం మంద పెంచాలనుకునేవాళ్లు పొట్టేలును ఎంచేటప్పుడు దాని ఉన్ని ఊడే తీరును మొదట చూడాలి.

అంత కష్టపడితే దక్కేది ఏమిటి? పోగు. కత్తెర పోగుకు అడుగున మొండి కోత ఉంటుంది. కత్తెర ఒకే చోట రెండోసారి తగిలితే పొట్టి ముక్కలు రాలి, ఏకేటప్పుడు ఉండలు కడతాయి, నూలులో గరుకు తేలుతుంది. ఒలిచిన ఉన్నిలో ఆ ముక్కలు ఉండవు. ఏటేటా ఒలిచే గొర్రె అయితే పోగుకు పైకొన కూడా పుట్టినప్పటి సన్నదనంతోనే ఉంటుంది, అంతకు ముందు కత్తెర పడలేదు కాబట్టి. చర్మానికి తగిలినప్పుడు గుచ్చుకోకపోవడానికి ఇదొక కారణం. మరో లాభం గొర్రెకు. నున్నగా గొరిగిన గొర్రె చలివాన పడితే వణికిపోతుంది. ఒలిచిన గొర్రె మీద సెంటీమీటరు కొత్త ఉన్ని అప్పటికే ఉంటుంది.

అదను దాటితే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. కొత్త ఉన్ని పెరిగి పాతదాని అడుగును అల్లుకుంటుంది. గొర్రె ఒంటి వేడి, చెమట, రాపిడి మూడూ కలిసి ఆ పొర నమదాలా, అంటే అదిమిన ఉన్ని గుడ్డలా బిగుస్తుంది. అప్పుడు లాగితే కొత్తది కూడా వస్తుంది, నొప్పి తప్పదు. కత్తిరించినా పొడుగు పాత పోగులూ పొట్టి కొత్త పోగులూ కలిసిపోయి నూలు పాడవుతుంది. ఈలోపు కంచెలకూ ముళ్లపొదలకూ సగం ఉన్ని చేరుతుంది. వేలాడే తడి ఉన్ని కింద ఈగ గుడ్లు పెడితే పురుగు పడుతుంది, రెండు మూడు రోజుల్లో గొర్రె ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఊడే గొర్రె ఉందని నిశ్చింతగా వదిలేయడానికి లేదు.

తీసిన ఉన్నిని బల్ల మీద చర్మం వైపు కిందికి వచ్చేలా పరవండి. అంచుల్లో పెంటికలు, జడలు, రంగు మాసిన భాగం చేత్తో తీసేయండి. రెండు పక్కలూ మధ్యకు మడిచి, తోక వైపు నుంచి మెడ దాకా చుట్టండి. చుట్ట పైకి చర్మం వైపు కనిపిస్తుంది. కాగితం సంచి లేదా నూలు సంచి వాడండి, ప్లాస్టిక్ వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. సంచి మీద గొర్రె నంబరు, తేదీ, ఉన్ని రంగు రాయండి. ఒక పాయను రెండు కొసలా పట్టుకుని చెవి దగ్గర టక్కున లాగి చూడండి. మంచిది టింగుమంటుంది. చిటచిటమని మధ్యలో తెగితే ఆ గొర్రె చలికాలంలో ఎప్పుడో జ్వరపడింది లేదా ఆకలితో ఉంది. ఆ సంచిని శాలువ నూలులో కలపకండి.

ఆస్ట్రేలియా వాళ్లు మెరినోకు కూడా ఊడే గుణం తెప్పించాలని చూశారు. ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ఇంజెక్షన్ ఇస్తే గుంటలు కొద్ది రోజులు పని ఆపుతాయి, అక్కడ పోగు తెగుతుంది. ఉన్ని రాలిపోకుండా గొర్రెకు వల తొడిగి, కొత్త ఉన్ని కాస్త లేచాక వలతో సహా తీసేసేవారు. తెలివైన పనే. అయితే వల, మందు, రెండుసార్లు గొర్రెలను పట్టడం, ఇవన్నీ ఖర్చే. కత్తెరవాళ్ల ఉద్యోగాలు దాని వల్ల పోలేదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మా డెక్కనీ గొర్రెలకు వేసవిలో ఒక్కోసారి బొచ్చు చేతికి ఊడి వస్తుంది. దాన్ని ఒలవొచ్చా?

జవాబు: ఆ ప్రశ్న వస్తుందనే అనుకున్నానండి. మీరు చూస్తున్నది ఒలుపు కాదు. ఎండకాలం మేత లేక, లేదా జ్వరం తగిలాక, లేదా ఈనిన తర్వాత నీరసించి పోగు పలుచబడి తెగుతోంది. పాపిట తీసి చూడండి, అడుగున సమంగా లేచిన కొత్త ఉన్ని కనిపించదు. అక్కడక్కడా చర్మం బయటపడి ఉంటుంది. ఊడిన పోగు తెగిన చోట సాగదీసిన తీగలా ఉంటుంది. దురదతో రుద్దుకుంటుంటే పేలు, గజ్జి చూడాలి. అది డాక్టరుకు చూపించాల్సిన గొర్రె, ఉన్ని సంచి నింపాల్సిన గొర్రె కాదు. డెక్కనీకి ఏడాదికి రెండుసార్లు కత్తెరే సరైన పద్ధతి. గొంగడికి కావాల్సింది ఆ ముతక, గట్టి పోగే. చింతగింజల గంజి పట్టించి నేసే గొంగడిలో షెట్లాండ్ ఉన్ని వేస్తే నాలుగు వానలకు నిలవదు.

ప్రశ్న: నెల్లూరు గొర్రెకు కత్తెర అక్కర్లేదు కదా. అది కూడా ఊడే రకమేనా?

జవాబు: నెల్లూరు జొడిపి, పల్ల, డోరా మూడూ వెంట్రుక గొర్రెలు. ఒంటి మీద ఉన్ని తొడుగే లేదు, పొట్టి వెంట్రుక. ఒలవడానికి అక్కడ ఏమీ ఉండదు. మాంసం కోసం డెక్కనీ మందల్లోకి ఆ పొట్టేళ్లను వదిలిన చోట పుట్టే పిల్లల్లో ఉన్ని పలుచబడి, వెంట్రుక కలుస్తుంది. గొంగడి నేసేవాళ్లకు నల్ల ఉన్ని దొరకడం కష్టమవడానికి ఇదొక పెద్ద కారణం.

ప్రశ్న: చేతికి బదులు దువ్వెన వాడకూడదా? లద్దాఖ్‌లో మేకలకు దువ్వుతారు కదా.

జవాబు: చాంగ్‌థాంగ్ మేకకు దువ్వెన సరైనదే. అక్కడ పైన పొడుగు వెంట్రుక, కింద పష్మీనా అనే మెత్తటి బొచ్చు. వసంతంలో కింది పొర మాత్రమే ఊడుతుంది, దువ్వెన పళ్లు దాన్ని పైవాటి మధ్యలోంచి లాగుతాయి. షెట్లాండ్ గొర్రెకు ఒకే తొడుగు దుప్పటిలా వస్తుంది. దువ్వెన పెడితే దుప్పటి చిరిగి, పాయలు చెదిరి, కొత్త ఉన్ని కూడా కొంత వచ్చేస్తుంది. ఒలిచాక అక్కడక్కడా మిగిలిన పోచలకు అయితే వెడల్పు పళ్ల దువ్వెన పనికొస్తుంది, వీపు మీద వాడొచ్చు, పొదుగు దగ్గర, చంకల్లో మాత్రం వద్దు, అక్కడ చర్మం కాగితమంత పలుచన.